కిబ్బర్‌కు వెళ్లే దారి ఊరి గడప మీదుగానే

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లా వైశాల్యం 13,800 చదరపు కిలోమీటర్ల పైమాటే. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన జనం 31,564 మంది. చదరపు కిలోమీటరుకు ఇద్దరో ముగ్గురో. ఈ అంకెలు చూస్తే అదంతా ఎవరిదీ కాని నేల అనిపిస్తుంది. ప్రయాణాల ప్రకటనలూ, ఫోన్లలో తిరిగే వీడియోలూ అదే మాట చెబుతున్నాయి: మనుషులు లేని చోటు, ఎవరూ తాకని ప్రకృతి, వెళ్లి చూసి రండి. ఈ మాటలోనే అసలు పొరపాటు ఉంది. స్పితి కొండల్లో మనం అడవి అనుకునేది ఖాళీగా పడి ఉన్న జాగా కాదు. అక్కడి ఊళ్లు తరతరాలుగా పశువులు మేపుకుంటూ, నీళ్లు పంచుకుంటూ, ఎక్కడ ఏది చేయాలో ఏది చేయకూడదో కూర్చుని తేల్చుకుంటూ నిలుపుకున్న నేల. ఆ కొండలు ఇలా మిగిలి ఉన్నాయంటే అందులో ఆ ఊళ్ల కష్టం ఉంది. కాబట్టి ఎంతమంది రావాలి, ఏ కాలంలో రావాలి, ఎక్కడ దిగాలి అనే విషయాల్లో మొదటి మాటా చివరి మాటా ఆ ఊళ్లదే కావాలి. ఆ మాట నేడు పర్యాటక సంస్థల చేతిలోనూ, దూరాన ఉన్న కార్యాలయాల చేతిలోనూ ఉంది.

స్పితి నదికి పైన సుమారు 4,200 మీటర్ల ఎత్తున ఉన్న కిబ్బర్‌నే తీసుకుందాం. రాతి గోడలు, చదును మిద్దెలు, ఆ మిద్దెల అంచుల మీద చలికాలానికి పేర్చుకున్న మేత, పొయ్యిలోకి పుల్లలు. బార్లీ, బఠాణీ పంటలు. జడల బర్రెలు, గొర్రెలు, మేకలు, గాడిదలు, గుర్రాలు. ఊరి వెనక పరాంగ్ లా కనుమ దాటితే లడఖ్. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు ఆ కనుమ మీదుగా గుర్రాలను తోలుకెళ్లి, వాటికి బదులుగా జడల బర్రెలను తెచ్చుకునేవారు. చుట్టూ 2,200 చదరపు కిలోమీటర్లకు పైగా కిబ్బర్ అభయారణ్యం ఉంది. అభయారణ్యం అనగానే మనకు కంచె, గేటు, టికెట్టు గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. మంచు చిరుత తిరిగే కొండ, ఊరి గొర్రెలు మేసే కొండ ఒక్కటే. 1990లలో పరిశోధకుడు చారుదత్త మిశ్ర ఈ అభయారణ్యం చుట్టుపక్కల 16 ఊళ్లలో ఆరా తీశారు. ఏడాదిన్నరలో తమ పశువుల్లో దాదాపు 18 శాతం మంచు చిరుతలకూ తోడేళ్లకూ బలైనట్టు ఊరివాళ్లు లెక్క చెప్పారు. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం ఆ నష్టంలో నామమాత్రం. నోటికాడి కూడు పోతుంటే ఏ రైతుకైనా ఆ జంతువు మీద కోపమే వస్తుంది. ఆ కోపాన్ని దాటి కిబ్బర్ ఏం చేసిందన్నదే ఇక్కడ గమనించాల్సింది. 1990ల చివర్లో ఊరు తన మేత భూమిలో కొంత భాగాన్ని అడవి జంతువులకు వదిలేసింది. అక్కడికి పశువులను తోలకూడదని కట్టుబాటు పెట్టుకుంది. మేత దొరకడంతో అక్కడ భరల్ అనే అడవి గొర్రెలు పెరిగాయి, చిరుతకు ఆహారం పెరిగింది. 2002లో ఊరివాళ్లే నెలనెలా కొంత సొమ్ము వేసుకుని పశువులకు బీమా మొదలుపెట్టారు. ఏ పశువు చిరుత వాత పడింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఊరి కమిటీయే తేలుస్తుంది. ప్రకృతి సంరక్షణలో పనిచేసే శాస్త్రవేత్తలు తోడున్నారు, నిజమే. కానీ మేత వదులుకున్నది ఊరు.

ఈ కథ ఇప్పుడు అంకెల్లోకి ఎక్కింది. 2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన అంచనా ప్రకారం దేశంలో మంచు చిరుతలు 718. అందులో లడఖ్ వాటా 477, హిమాచల్ వాటా 51. అంతకుముందు 2021లో వెలువడిన హిమాచల్ అంచనా కోసం కొండకొండకూ ఎక్కి కెమెరాలు అమర్చే పనిని ముందుండి నడిపింది కిబ్బర్‌కు చెందిన ఎనిమిది మంది యువకుల బృందం. ఏ రాతి అంచు మీద చిరుత వాసన గుర్తు పెడుతుందో, ఏ వాగు వెంట దిగుతుందో వాళ్లకు పశువుల వెంట తిరిగినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు చలికాలంలో మంచు చిరుతను చూడటానికి దేశవిదేశాల నుంచి పెద్ద పెద్ద కెమెరాలతో జనం వస్తున్నారు. ఒకప్పుడు పశువును చంపి పోయిన జంతువే ఇప్పుడు ఇంటికి కూలి తెచ్చిపెడుతోంది. ఇది మంచి మార్పు. అయితే ఈ మార్పుకు పునాది ఊరి నిర్ణయమని మర్చిపోయి, చిరుతను ఒక సరుకుగా, ఊరిని ఆ సరుకు దొరికే అంగడిగా చూడటం మొదలైతే పునాదే కదులుతుంది. తమ మేత భూమిలో తమ మాటకు విలువ లేదని తేలితే, రేపు మళ్లీ ఆ మేతను వదులుకొమ్మని ఆ ఊరిని ఏ ముఖంతో అడుగుతాం?

అతిథి వల్ల ఊరికి కలిగే భారం పైకి కనిపించేది కాదు. అది నీళ్లలో, మరుగుదొడ్డిలో, చెత్తలో ఉంటుంది. స్పితి వాననీడ ప్రాంతం. చలికాలంలో కొండ మీద పడిన మంచు వేసవిలో కరిగి కాలువల గుండా పొలానికి వస్తేనే పంట. ఆ నీటికి వంతులున్నాయి. ఏ ఇంటికి ఏ రోజు, ఎంతసేపు అన్నది పాత కట్టుబాటు. మంచు తక్కువ పడిన ఏడు విత్తనమే కష్టం. అటువంటి చోట ఇళ్లలో పొడి మరుగుదొడ్లు ఉంటాయి. మిద్దె మీది గదిలో నేలకు కన్నం, పక్కన మట్టీ బూడిదా పోగు, వాడాక ఒక పార మట్టి వేయడం, అంతే. కింది గదిలో ఏడాది పొడవునా మాగిన ఎరువు వసంతంలో పొలానికి చేరుతుంది. చుక్క నీరు ఖర్చు కాదు, చేనికి బలం. పట్నం నుంచి వచ్చే మనకేమో నీళ్లు పోసే దొడ్డి కావాలి, రోజూ వేడినీళ్ల స్నానం కావాలి. మనం అడిగామనే కదా కొత్త హోటళ్లలో అవి వస్తున్నాయి! నీళ్లు పోసే ప్రతి దొడ్డీ ఒకచోట పొలం వంతులోంచి నీళ్లు లాగుతుంది, ఇంకోచోట పొలానికి అందాల్సిన ఎరువును గుంతలో పూడ్చేస్తుంది. చెత్త సంగతి ఇంకా బాధాకరం. హోటళ్ల ఎంగిలి, నూడుల్స్ పొట్లాల చుట్టూ వీధికుక్కలు పెరిగాయి. వేసవిలో ఎంగిలి తిని బతికిన కుక్కలు పర్యాటకులు వెళ్లిపోయాక ఆకలితో గుంపులు కట్టి కొండెక్కుతాయి. ఎగువ స్పితిలో జరిగిన పరిశోధనలో, పశువులను చంపడంలో మంచు చిరుతలకన్నా కుక్కలదే పెద్ద వాటా అని తేలింది. చిరుత చేసే నష్టాన్ని భరించడానికి ఊరు బీమా కట్టుకుంది. మన ఎంగిలి చేసే నష్టానికి ఎవరు కట్టాలి?

దీనికి వేగం తోడైంది. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, మనాలీ వైపు నుంచి లాహౌల్-స్పితికి దారి అయిన రోహ్‌తాంగ్ కనుమకు రోజూ వెళ్లే పర్యాటక వాహనాల సంఖ్యకు హద్దు పెట్టింది. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరుచుకుంది. ఆ కనుమ ఎక్కే పనే లేకుండా వాహనాలు అవతలికి చేరుతున్నాయి. కనుమ దగ్గరి హద్దు కనుమ దగ్గరే ఉండిపోయింది, రద్దీ లోయలోకి దిగింది. నేను రోడ్లకు వ్యతిరేకిని కాను. కిబ్బర్ పక్కనే ఉన్న చిచమ్ ఊరివాళ్లు లోతైన లోయ మీద తాడుకు వేలాడే బుట్టలో కూర్చుని, చేతులతో లాక్కుంటూ దాటేవారు. 2017లో వంతెన వచ్చాక ఆ ప్రమాదం తప్పింది. నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి చేర్చే రోడ్డు అది. కానీ అదే రోడ్డు మీద మనాలీలో పొద్దున బయలుదేరి సాయంత్రానికి స్పితిలోని కాజా, మర్నాడు మధ్యాహ్నానికి కిబ్బర్, ఫొటో, తిరుగుముఖం అనే యాత్ర ఎవరికీ మేలు చేయదు. 4,200 మీటర్ల ఎత్తున గాలిలో దొరికే ప్రాణవాయువు హైదరాబాద్‌లో దొరికేదానిలో మూడింట రెండొంతులకన్నా తక్కువ. 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించి ఎత్తు పెంచి నిద్రపోవద్దని వైద్యులు చెబుతారు. నిదానంగా వెళ్లడం శరీరానికే అవసరం. నాలుగు రాత్రులు ఒకే ఇంట్లో ఉన్నవాడికి ఒళ్లు కుదుటపడుతుంది, ఊరికి నాలుగు రోజుల సంపాదన మిగులుతుంది. గంటసేపు ఆగి పోయేవాడు మిగిల్చేది చక్రాల గుర్తులు, ఖాళీ సీసాలు. 2023 జులైలో అకాల మంచుకు చంద్రతాల్ సరస్సు దగ్గర దాదాపు 300 మంది రోజుల తరబడి చిక్కుకుపోయారు. కొండ తన కాలాన్ని తానే నిర్ణయిస్తుంది, మన సెలవులతో దానికి పనిలేదు.

ఊరి మాటే చెల్లాలనడం కొత్త చట్టం కోరడం కాదు. లాహౌల్-స్పితి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతం. మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం ఊళ్లకూ, ఆసిఫాబాద్ గూడేలకూ ఉన్న రక్షణే దానికీ ఉంది. 1996 నాటి పెసా చట్టం, తన ఉమ్మడి వనరులనూ ఆచారాలనూ కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఒక అడుగు ముందుకేసి, అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. ఈ రెండు చట్టాలనూ పర్యాటకానికి వర్తింపజేస్తే చాలు: ఊళ్లో ఎన్ని గదులు, అందులో ఎన్ని స్థానికుల ఇళ్లలో, ఏ బాటన వాహనం పోవచ్చు, ఏ లోయలోకి చలికాలంలో ఎంతమంది వెళ్లవచ్చు అన్నది గ్రామసభ తేలుస్తుంది, ప్రభుత్వం దాన్ని అమలు చేస్తుంది. స్పితికి ఇది చేతకాని పనీ కాదు. 2020లో కరోనా వేళ ఆ ఏడు పర్యాటకులు రావద్దని లోయవాసులే నిర్ణయించుకుని, ఆ సీజను ఆదాయాన్ని వదులుకున్నారు.

దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు పౌరుడికి ఉంది కదా, ఊరు ఎలా ఆపుతుంది అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. కానీ సంచార స్వేచ్ఛను హామీ ఇచ్చిన 19వ అధికరణమే, షెడ్యూల్డు తెగల ప్రయోజనాల కోసం దానికి సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని అంటోంది. పైగా ఇక్కడ ఎవరినీ రావద్దనడం లేదు. కిబ్బర్‌కు రావచ్చు, వరుసలో రావాలి, అంతే. తిరుమలలో దర్శనానికి టోకెన్ తీసుకుని గంటల తరబడి కూర్చునే మనకు వరుస అంటే తెలియదా? ఇక పర్యాటకం తగ్గితే ఊరివాళ్ల పొట్ట కొట్టినట్టేనని మరికొందరి వాదన. జనం సంఖ్యకూ ఊరి ఆదాయానికీ నేరుగా లంకె వేయడం వల్ల వచ్చే భయం అది. బయటివారి వాహనంలో, బయటివారి ప్యాకేజీలో వచ్చి, మధ్యాహ్నం దిగి సాయంత్రం వెళ్లిపోయే వందమంది ఊళ్లో ఖర్చు పెట్టేది టీ నీళ్లకే. ఊరి ఇంట్లో ఉండి, ఊరి వంట తిని, ఊరి కుర్రాణ్ని దారి చూపమని వెంట తీసుకెళ్లే పదిమంది సొమ్ము అక్కడే తిరుగుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం వేరే ఉంది. ఊరంటే ఒకే గొంతు కాదు. భూమీ నీటి వంతూ ఉన్న పెద్ద కుటుంబాలు వేరు, అవి లేని ఇళ్లు వేరు. హోటలు కట్టిన స్థానికుడి లాభం, మేత మీద బతికే పొరుగువాడి లాభం ఒకటి కావు. గ్రామసభ చేతికి అధికారం ఇస్తే అది నాలుగు బలమైన ఇళ్ల చేతికి పోదా? పోవచ్చు. అందుకే అతిథులను వంతులవారీగా ఇళ్లకు పంపే పద్ధతి ఆ కట్టుబాటులోనే ఉండాలి. నీటికి వంతు తెలిసిన ఊరికి ఇది అర్థం కాని సంగతి కాదు. ఆడవాళ్ల మాట సభలో వినిపించాలి. నీళ్లు మోసేదీ, అతిథికి వండిపెట్టేదీ ఎక్కువగా వాళ్లే. ప్రవేశ రుసుము భారీగా పెంచి రద్దీ తగ్గించాలన్న సూచనను మాత్రం నేను ఒప్పుకోను. భూటాన్ చాలా దేశాల పర్యాటకుల నుంచి రాత్రికి 100 డాలర్లు తీసుకుంటుంది. అది ఒక దేశం తన ఆర్థిక అవసరాలను బట్టి ఎంచుకున్న దారి. మన దగ్గర ఆ పద్ధతి పెడితే కొండలు డబ్బున్నవాళ్లకే మిగులుతాయి. హద్దు సంఖ్యలో ఉండాలి, ధరలో కాదు.

ఈ సంగతి తెలుగు పత్రికలో ఎందుకంటే, ఆ కొండలకు వెళ్లేవారిలో మనవాళ్లూ ఉన్నారు; మన కొండల మీదా ఇదే జరుగుతోంది. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండకు చలికాలపు సెలవు రోజుల్లో తెల్లవారకముందే వాహనాలు బారులు తీరుతున్నాయి. ఆ కొండ కింది గిరిజన గూడేలను ఎవరు అడిగారు? స్పితిలో గ్రామసభ మాట చెల్లితే, మన్యంలోనూ చెల్లాలని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. స్పితిలో బఠాణీ కోతలు ముగిశాక, మంచు పడి కొండదారులు మూతపడేలోపు కొన్ని వారాల తీరిక ఉంటుంది. వచ్చే వేసవికి ఎన్ని గదులు, ఎన్ని వాహనాలు, ఏ లోయ మూసి ఉంచాలి అన్నది ఆ తీరికలో కిబ్బర్ కూర్చుని తేల్చుకోవాలి. ఆ తీర్మానం చలికాలంలోనే అందరికీ తెలిసేలా ప్రకటించాలి. మన టికెట్లు ఆ తర్వాత కొనుక్కుందాం.