డీవీడీ డ్రైవ్ తీసేయండి, కానీ బ్యాకప్ మర్చిపోకండి!

ల్యాప్‌టాప్ స్లో అయిందని కొత్తది కొనేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. దాంట్లోని డీవీడీ డ్రైవ్ చివరిసారి ఎప్పుడు వాడారో గుర్తుందా? నన్నడిగితే ఆ చోటు రెండో డ్రైవ్‌కే ఇవ్వాలి. డీవీడీ డ్రైవ్ మందం 9.5 ఎంఎంనో, 12.7 ఎంఎంనో చూసి, సరిపోయే క్యాడీ కొనండి. ఎస్‌ఎస్‌డీని మాత్రం క్యాడీలో పెట్టొద్దు. కొన్ని మోడల్స్‌లో డీవీడీ పోర్ట్ స్పీడ్ తక్కువ. ఎస్‌ఎస్‌డీ, దాంట్లో విండోస్ మెయిన్ స్లాట్‌లో ఉండాలి. సినిమాలు, ఫోటోలతో పాత హార్డ్ డిస్క్ క్యాడీలోకి వెళ్లాలి.

అయితే రెండు డ్రైవ్‌లున్నాయి కదా అని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ చేసి, అదే బ్యాకప్ అనుకోకండి. బస్సులో బ్యాగ్ పోతే రెండూ కలిసే పోతాయి. ఇంటివాళ్ల ఫోటోలు, ప్రాజెక్ట్ ఫైల్స్ ల్యాప్‌టాప్ బయట ఇంకో కాపీ ఉండాల్సిందే.