వదిలిపెట్టుట నేర్చుకొందము



కాలువ గట్టున కూర్చొని నూనె రంగులతో ప్రకృతి దృశ్యము వేయబోయిన వారికి మొదట వచ్చే కష్టము ఒకటే. కంటికి కనబడినదంతా వేయాలనిపిస్తుంది. మన గోదావరి సీమలో అది మరీ కష్టము. కొబ్బరిచెట్లు, అరటి తోటలు, వరిచేలు, గడ్డిమేట్లు, బాతుల మందలు, రేవులో బట్టలు ఉతికేవారు, కరెంటు స్తంభాలు... ఏది వదలాలి? దేవుడు ఇంత ధారాళముగా ఇచ్చినచోట ఏదైనా వదిలివేస్తే కృతఘ్నతేమో అని కూడ అనిపిస్తుంది.

మేము నడివయస్సులో రంగులు పట్టుకొన్నాము. అందుకు కారణము మా అమ్మ. ఆమెకు నీటికాసులు అనే కంటి జబ్బు. శుక్లాలైతే ఆపరేషనుతో చూపు వస్తుంది. నీటికాసుల వలన పోయిన చూపు మాత్రము తిరిగి రాదు. మిగిలినది కాపాడుకొనుటకే మందులు. (నలభై దాటినవారు, ముఖ్యముగా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు, కంటి పీడనము పరీక్ష చేయించుకొనవలెనని మనవి. మేము ఆలస్యము చేశాము.) ఒక రోజు అమ్మ, "నేను బాప్తిస్మం తీసుకున్న రేవు ఒక్కసారి చూడాలనుందిరా. గట్టు దాకా నడవలేను. నువ్వేమో బొమ్మలేస్తానంటావు కదా, వేసి చూపించు" అన్నది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ సీమకు నీళ్ళు తెచ్చిన కాలువలలో అది ఒకటి. వేసవిలో కాలువ కట్టివేస్తారు గనుక, నీళ్ళు ఉండగానే వేయాలని త్వరపడి రెండు నెలలు కష్టపడ్డాము. చింతచెట్టుకు ఆకు ఆకూ వేశాము. అవతలి గట్టున పెంకుటిళ్ళు, వాటి ముందు పశువులు, నీళ్ళలో గుర్రపుడెక్క, అన్నీ వేశాము. చూడవచ్చిన మా బావమరిది, "అంతా బాగానే ఉంది గాని బావగారూ, మా సావిడి కనబడదేమండీ?" అని అడిగితే, మరుసటి రోజు అది కూడ చేర్చాము!

ఆ పటము అమ్మ చేతికిచ్చాము. కిటికీ దగ్గర పెట్టుకొని, అటూ ఇటూ త్రిప్పి, చాలసేపు చూచినది. "ఏంటో నాయనా, అంతా ఒకటే పచ్చగా అలికేసినట్టుంది. రేవేది?" అన్నది. మేము ఏమియు చెప్పలేకపోయాము.

ఆ దిగులుతోనే ఒక పనిమీద రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు గారి చిత్రకళా మందిరమునకు వెళ్ళాము. 1897లో ఆ పట్టణములోనే పుట్టిన ఆయనలోని కళను, అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఓస్వాల్డ్ కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించాడు. ఆ దొర తానును చిత్రకారుడే. రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగివచ్చి, రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల నెలకొల్పి, 1925లో మశూచి సోకి 28వ యేటనే కన్నుమూశారు. అంత కొద్ది ఆయుష్షులో ఆయన వేసిన పటముల ముందు నిలబడి, ఏమి వేశారని గాక, ఏమేమి వదిలిపెట్టారని మొదటిసారి ఆలోచించాము.

తిరిగి వచ్చి అమ్మనే అడిగాము, "ఆ రోజు రేవులో నీకేమి గుర్తున్నదమ్మా?" అని. కొంచెము సేపు ఊరకుండి, "నీళ్ళ మీద ఎండ. చింతచెట్టు నీడ. మెట్లు. అంతేరా" అన్నది. రెండు నెలలుగా మేము వేసినదానిలో ఆ మూడూ ఎక్కడో మునిగిపోయి ఉన్నవి.

రెండవసారి పని వేరుగా చేశాము. నేర్చుకొనే పిల్లలకు పనికివస్తుందని వ్రాస్తున్నాము. మొదట కళ్ళు సగము మూసుకొని చూడాలి. అప్పుడు ఆకులు పోయి చెట్టు ఒక ముద్దగా, ఇళ్ళన్నీ కలిసి ఒక చారగా కనబడతాయి. ఆ ముద్దలను మాత్రమే పోస్టుకార్డంత కాగితము మీద పెన్సిలుతో గీసుకోవాలి, అయిదారుకు మించకూడదు. వాటిని మూడే తరగతులుగా చేయాలి: వెలుగు, మధ్యస్థము, చీకటి. కాగితము మీద ఈ మూడూ కుదరకపోతే రంగులు వేసినా కుదరదు.

రంగులు కూడ నాలుగైదు చాలును. మేము తెలుపు, నిమ్మపండు పసుపు, గోపీచందనము వంటి పసుపు, ముదురు నీలము, ఇటుక గోధుమరంగు పెట్టుకొన్నాము. నీలము, గోధుమ కలిపితే నలుపుకు దగ్గరైన చీకటి రంగు వస్తుంది. నీలము, పసుపు కలిపితే పచ్చలు వస్తాయి. దూరపు చెట్లకు మధ్యనున్న గాలి వలన నీలిఛాయ, పలుచదనము వస్తాయి గనుక వాటికి కొంచెము తెలుపు, నీలము చాలును. మొదటి పూత టర్పెంటైనుతో పలుచగా, పెద్ద కుంచెతో వేయాలి. తరువాతి పూతలలో అవిసె నూనె పాలు పెరగాలి. ఇది తారుమారైతే పైపూత ముందుగా ఆరి, అడుగుది ఆరేటప్పుడు బీటలు వస్తాయి. చిన్న కుంచె చివరి రోజున మాత్రమే ముట్టుకోవాలి. మేము దానిని అంతవరకు పెట్టెలో పెట్టి తాళము వేశాము!

పెంకుటిళ్ళు పోయాయి. గుర్రపుడెక్క పోయింది. మా బావమరిది సావిడి కూడ పోయింది. ఆయన పెద్ద మనస్సుతో క్షమించాడు. మిగిలినవి ఒక నల్లని చెట్టు, దాని నీడ, నాలుగు మెట్లు, నీళ్ళ మీద ఒక తెల్లని పూత.

పది దినములు ఆరిన తరువాత, ఉదయపు ఎండలో అమ్మ చేతికిచ్చాము. ఆమె వ్రేలు మెల్లగా కదిలినది. "ఇదిగో చెట్టు. ఇవి మెట్లు." తరువాత ఆ తెల్లని పూత దగ్గర వ్రేలు ఆగినది. "నీళ్ళలోంచి పైకి లేచినప్పుడు కళ్ళ నిండా నీళ్ళేగా, నాకు ఇంతే కనబడింది. సరిగ్గా ఇలాగే ఉంది" అన్నది. అప్పుడామెకు 17 ఏళ్ళట. ఆ తరువాత వచ్చిన క్రిస్మసు నాటికి ఆ కొద్ది చూపు కూడ పోయినది. ఆమె చూచిన చివరి పటము అదే.

ప్రియులారా, లూకా సువార్త 10వ అధ్యాయములో మార్త చేసిన పనులలో చెడ్డది ఒకటియు లేదు. వంట మంచిదే, అతిథి సత్కారము మంచిదే. అయితే ఆ మంచి పనుల గుంపులో ఇంటికి వచ్చిన ప్రభువే ఆమె కంటికి మరుగయ్యాడు. మా మొదటి పటములోను చెడ్డది ఏదీ లేదు. మంచివి ఎక్కువై, కావలసినది మునిగిపోయినది.

మన ఇండ్లలోను అంతే కదా? పెండ్లి అనగా భోజనాలు, షామియానాలు, అప్పులు. వధూవరులు ప్రార్థనతో ఒకరి చేయి ఒకరు పట్టుకొన్న ఆ క్షణము ఎక్కడో ఒక మూల. ఆదివారము అనగా వంట హడావిడి. ముసలి తల్లిదండ్రులకు మందులు, పండ్లు, డబ్బు అన్నీ ఇస్తాము, ప్రక్కన కూర్చొని, "నీకేమి గుర్తున్నదమ్మా?" అని అడుగుటకు తీరిక ఉండదు. మేమును ఆ పటము వంక లేకపోతే అడిగేవారము కాము.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థన తరువాత, ఇంట్లో పెద్దవారిని ఆ ప్రశ్న అడగండి. వారు చెప్పేది కొంచెమే ఉండవచ్చును. ఆ కొంచెమును వినుటకు ఏ పనులు వదిలిపెట్టాలో ప్రభువు మీకు చూపించును గాక. ఆమేన్.