యాత్రా విశేషములు: మన ముంగిటి వింతలు



పిల్లలకు సెలవులు వచ్చినవనగానే ఇంటింట నొకే ప్రశ్న పుట్టును: ఈ మారు ఎచ్చటికి పోవుదము? దూరదేశముల వింతలను పటములలో చూచి ముక్కున వ్రేలు వేసికొను మనము, పాలమూరు, నల్లగొండ సీమల పేరు వినగానే "అచ్చట చూచుటకేమున్నది? రాళ్లును, ఎండయు" అని పెదవి విరుతుము. ఆ రాళ్ల నడుమనే వింతలు కొల్లలుగా నున్నవి. ఈ నెల వానిలో కొన్నింటిని గూర్చి ముచ్చటించుకొందము. ముందుగా ఒక మాట మనవి చేసెదను. ఎంత పెద్దదియైనను, ఎంత పాతదియైనను, వింత వస్తువు తనంత తాను కలకాలము నిలువదు. దానిని నిలుపువారు కావలెను. మీ పిల్లలను వెంటబెట్టుకొని పోవునప్పుడు ఈ సంగతి వారికి తెలియజెప్పుట మీ పని.

మొట్టమొదట మనము చూడలేని వింతను చెప్పెదను.

హైదరాబాదు నుండి పాలమూరునకు పోవు త్రోవలో శంషాబాదు విమానాశ్రయమున్నది. అది 2008వ సంవత్సరమున తెరువబడినది. 2016వ సంవత్సరము మే నెల 13వ తేదీన అచ్చట ఒక మహావిమానము దిగెను. దాని పేరు ఆంటోనోవ్ 225. ముద్దుపేరు "మ్రియ", అనగా ఉక్రెయిను భాషలో "కల" యని యర్థము. ఆ విమానము మన దేశపు నేలపై కాలు మోపుట అదియే ప్రథమము. సోవియట్ దేశమువారు "బురాన్" అను అంతరిక్షనౌకను వీపుపై మోయించుటకై దీనిని నిర్మించిరి. 1988వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన అది తొలిసారి యెగిరెను. పొడవు 84 మీటరులు. ఒక రెక్క కొన నుండి రెండవ రెక్క కొనకు 88 మీటరులు. ఇంజనులు ఆరు, చక్రములు 32. నిండు బరువుతో లేచునప్పుడు అది 640 టన్నులు తూగెడిది. ఒక్కొక్క యేనుగు ఐదు టన్నులనుకొన్నచో, నూట యిరువది యెనిమిది యేనుగులు ఒక్కసారిగా గాలిలోనికి లేచినట్లన్నమాట!

అన్ని చక్రములేలయని పిల్లలు అడుగుదురు. పెండ్లివారింట నిండు గంగాళము నొక్కడు మోయలేడు. నలుగురు చేయి వేసినచో బరువు నలుగురిపై పంచుకొనబడును. అట్లే ఆ విమానపు బరువు 32 చక్రములపై పంచుకొనబడి, దిగునేల క్రుంగకుండెడిది. సామాను ఎక్కించునపుడు అది ముక్కును పైకెత్తి, ముందరి కాళ్లను వంచి, మావటివాని మాట వినిన యేనుగువలె మోకరిల్లెడిది. ఆనాడు అది యూరపు నుండి ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకు నూరు టన్నులకు మించిన విద్యుద్యంత్రమును మోసికొని పోవుచుండెను. అంత బరువుతో అంత దూరము ఒక్క ఊపున పోజాలదు గనుక, నడుమ నడుమ దిగుచు పోవుచు మన హైదరాబాదునందును ఆగినది.

ఆ విమానమిప్పుడు లేదు. 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో ఉక్రెయినుపై యుద్ధము వచ్చిపడినప్పుడు, కీవ్ నగరము చెంత హోస్టోమెల్ విమానాశ్రయమున నది ధ్వంసమైపోయెను. ప్రపంచమున పూర్తియైనది అదియొక్కటియే. రెండవదాని దేహమును మొదలిడిరే గాని పూర్తిచేయలేదు. మే నెలలో ఆ వేకువను శంషాబాదులో దానిని కన్నులార చూచినవారు ధన్యులు. తక్కినవారికి కథ మాత్రమే మిగిలినది.

విమానమును కాపాడుట మన చేతిలోని పని కాదు. మన చేతిలో నున్న వింత ఆ త్రోవనే ముందునకు పోయినచో కనబడును.

మహబూబునగరము పట్టణమునకు నాలుగైదు కిలోమీటరుల దూరమున పిల్లలమర్రి యున్నది. దూరమునుండి చూచినచో పచ్చని గుట్టవలె తోచును. దగ్గరకు పోయినచో అదంతయు ఒకే చెట్టని తెలియును. మూడెకరములకు మించి వ్యాపించి, ఏడు వందల యేండ్ల వయసు గలదని చెప్పబడు ఈ వటవృక్షము క్రింద వేయిమంది నీడకు నిలువగలరని ప్రతీతి. మర్రి కొమ్మలనుండి ఊడలు దిగును. నేల తాకిన యూడ వేరూని, క్రమముగ లావెక్కి, మ్రానై కొమ్మకు ఊతకోలయగును. ఆ కొమ్మ ఇంకను ముందునకు సాగి మరల ఊడలు దించును. ఇట్లు తరములు గడచునప్పటికి తల్లిమ్రాను ఏదియో, పిల్లమ్రాను ఏదియో పోల్చుకొనుట కష్టము. కొడుకులు, మనుమలు, మునిమనుమలు ఒకే కప్పు క్రింద కాపురమున్న పెద్ద లోగిలివంటిది ఆ చెట్టు. ఆ పేరును ఎంత చక్కగా నమరినది!

అంతటి చెట్టునకును జబ్బు చేసెను. చెదలు లోలోపల తొలిచి కొమ్మలను డొల్ల చేసినవి. చూడవచ్చినవారును తక్కువ చేయలేదు. కొమ్మలపై ఎక్కి ఊగినవారు కొందరు, చాకు మొనతో బెరడుపై పేర్లు చెక్కినవారు కొందరు. 2017వ సంవత్సరము డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విరిగి నేలకూలెను. అంతట అధికారులు సందర్శకులను లోనికి రాకుండ నిలిపివేసి, చెట్టునకు చికిత్స మొదలిడిరి. మ్రానునకు రంధ్రములు చేసి మందు పోసిరి గాని, పోసినది పోసినట్లే వెలుపలికి కారిపోయెను. అప్పుడొక యుపాయము తోచినది. ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, చెదలమందును నీటిలో పలుచగ కలిపి సీసాలలో పోసి, ఆ సీసాలను కొమ్మలకు వ్రేలాడగట్టి, బొట్టుబొట్టుగా చెట్టు లోనికి దింపిరి. 2018వ సంవత్సరమున ఆ సీసాల చెట్టు చిత్రము దేశదేశముల పత్రికలలో పడెను. వాలిన కొమ్మలక్రింద సిమెంటు స్తంభములు నిలిపిరి. చెట్టు మెల్లమెల్లగా తేరుకొని క్రొత్త చిగురు తొడిగినది. 2025వ సంవత్సరము మే నెలలో ప్రపంచసుందరి పోటీలకై తెలంగాణమునకు వచ్చిన వివిధ దేశముల యువతులును ఈ వృక్షమును దర్శించిరి.

ఇంటిలో జ్వరపడిన బిడ్డకు రాత్రింబవళ్లు మందు పట్టిన తల్లికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఏడు వందల యేండ్లు ఎండను వానను ఓర్చిన చెట్టు, పేరు చెక్కు ఆకతాయి చాకును, కంటికి కానరాని చెదపురుగును ఓర్వజాలదాయెను. కాబట్టి మీరు పోవునప్పుడు కంచె యుండినచో దానికి ఈవలనే నిలిచి చూడుడు. ఊడను పట్టి ఊగుటకు పిల్లలను విడువకుడు. నేల తాకని లేతయూడ రేపటి స్తంభమని వారికి చూపుడు.

పాలమూరు నుండి అదే పెద్దబాటను దక్షిణముగ పోయి, ఆలంపురము చౌరస్తాయొద్ద తిరిగినచో తుంగభద్రా తీరమున ఆలంపురము చేరుదుము. ఒకప్పుడు మహబూబునగరము జిల్లాలోనిదైన ఈ క్షేత్రము, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. ఏడెనిమిది శతాబ్దములనాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములును, జోగులాంబ గుడియు మీరెరిగినవే. వానిని చూచి తిరిగిపోవువారిలో పలువురు ఊరిచెంతనే యున్న సంగమేశ్వరాలయమును చూడరు. ఆ గుడి పుట్టినది అచ్చట కాదు! కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లి యొద్ద పూర్వము అది యుండెను. శ్రీశైలపు ఆనకట్ట నీరు ఆ చోటును ముంచునని తేలగా, గుడిని రాయి రాయిగా విప్పి, తెచ్చి, ఆలంపురమున మరల పేర్చిరి. ఏ రాయి ఏ వరుసలోనిదో గుర్తు తప్పినచో గోడ నిలువదు. కాపురము మార్చునపుడు పది గిన్నెలు తారుమారైన మనము తల పట్టుకొందుము. గుడినే మార్చినవారి యోపిక ఎంతయో తలచుకొనుడు.

ఇటువంటి పని ఇంతకుముందు నల్లగొండ సరిహద్దునను జరిగినది. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఆ నీటి క్రింద మునిగిన లోయ, మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. 1926లో వెలుగులోనికి వచ్చిన ఆ శిథిలములను, నీరు రాకముందే 1954 మొదలు ఆరేండ్లపాటు త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని కొండపైకి చేర్చి తిరిగి కట్టిరి. ఆ కొండ నేడు జలాశయము నడుమ ద్వీపమై, ప్రదర్శనశాలతో నిలిచియున్నది. లాంచిలో పోవలెను. లాంచి నడచునో లేదో ముందుగా విచారించుకొని బయలుదేరుడు.

అచ్చటి శాసనములు మన స్త్రీలు తప్పక తెలిసికొనదగినవి. ఇక్ష్వాకు రాజులు వైదిక యజ్ఞములు చేయుచుండగా, వారి యింటి స్త్రీలు బౌద్ధవిహారములకు దానములిచ్చిరి. చాంతమూల మహారాజు తోబుట్టువైన చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది. బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహమును కట్టించినది. వారి పేర్లు పదునేడు వందల యేండ్లు రాతిపై నిలిచినవి. ఆ రాళ్లను నీటినుండి తప్పించి యుండనిచో, వారి పేర్లును అడుగంటియుండెడివి.

ఇక నల్లగొండ పట్టణముచెంత పానగల్లులో ఉన్న ఛాయాసోమేశ్వరుని గుడితో ఈ నెల ముచ్చట ముగించెదను. కందూరు చోడుల కాలపు త్రికూటాలయమిది. మూడు గర్భగుడులు, నడుమ మండపము. శివలింగము వెనుక గోడపై ఒక స్తంభపు నీడ ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు కదలక నిలుచును! సూర్యుడు తూర్పు నుండి పడమరకు నడచుచుండ నీడ ఏల నడువదు?

ఇందులో మంత్రము లేదు, శిల్పి బుద్ధికుశలత యున్నది. ఎండ నేరుగా గర్భగుడిలోనికి రాదు. వెలుపల పడి చెదరిన వెలుగు మండపపు తెరపులనుండి స్తంభముల ఇరుప్రక్కల దూరి లోనికి వచ్చును. ఆ రెండు వెలుగులును చేరని నడిమి పట్టెడు చోటే నీడయై కనబడును. సూర్యుడెచ్చట నున్నను, వెలుగు వచ్చు దారులు మారవు. కనుక నీడయు మారదు. ఇంటిలోనే దీనిని పోల్చి చూడవచ్చును. రాత్రివేళ గోడకు మూరెడు దూరమున రోకలిని నిలిపి, ఇరుప్రక్కల రెండు దీపములుంచుడు. రెండు నీడలు పడును. దీపములను మెల్లగా దగ్గరకు జరుపగా, నీడలు రెండును ఒకదానిపై నొకటి పడి నడుమ చిక్కనగును. దీపము కదలనంతవరకు ఆ నీడ కదలదు. రోకలి నీడను చూచిన పిల్లవాడు పానగల్లు పోయినచో, శిల్పికి చేతులెత్తి మ్రొక్కును.

ఇచ్చట మందు సీసాలతో పని లేదు, రాళ్లు మోయనక్కరలేదు. వెలుగు దారులు తెరచియుండిన చాలును. ఎవరైన మంచి యుద్దేశముతోనే యైనను ఒక పందిరి వేసి ఒక తెరపును మూసినచో, తొమ్మిది వందల యేండ్లకు దగ్గరగా నిలిచిన నీడ ఆనాడే చెదరిపోవచ్చును. కాపాడుట యనగా కొన్నిచోట్ల ఏమియు చేయకుండుటయే.

ప్రయాణమునకు చలికాలము మేలు. వేసవిలో ఆ బండలపై నడచుట పిల్లల తరము కాదు. నీళ్లు సమృద్ధిగా తీసికొనుడు. జొన్నరొట్టెలును పులిహోరయు మూటగట్టుకొన్నచో త్రోవలో వెదకులాట తప్పును. తినిన యాకులను అచ్చటనే విడిచిరాకుడు. మ్రానుపైగాని రాతిపైగాని మీ బిడ్డ పేరు వ్రాయబోయినచో, ఆ చేయి పట్టుకొని ఆపుడు. చాంతిసిరి పేరు నిలిచినది గోడ గీకినందున గాదు, గుడి కట్టించినందున.

వచ్చు సంచికలో నల్లమల యడవిలోని ఉమామహేశ్వరమును, మల్లెలతీర్థమును దర్శించుకొందము.