కవలలకు పందెమెందుకు?

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు! పంచుకోవడం మనకో ముచ్చట. కవలలున్న ఇంట్లో మాత్రం ఆ ముచ్చటే పరీక్షా ఫలితాలైపోతుంది. "పెద్దది నడిచేస్తోందే, చిన్నదింకా కదలదేం?" అని వచ్చినవాళ్ళంతా ఆరా. ఆ వెంటనే తల్లి పాలమీద, పెంపకంమీద తీర్పులు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. అసలు పాకకుండానే నడిచేసేవాళ్ళూ ఉన్నారు. పైగా కవలలు తరచు నెలలు నిండకుండానే పుడతారు. అప్పుడు నెలలు లెక్కపెట్టవలసింది పుట్టిన రోజునుంచి కాదు, పుట్టవలసిన రోజునుంచి.

గడువు దాటితే డాక్టరుకు చూపిద్దాం. అంతేగాని, ఒక కడుపున పుట్టినంత మాత్రాన ఒకేరోజు నడవాలా చెప్పండి? చిన్నదాని అరిసెలు చిన్నదాని రోజునే వండుదాం, వేడివేడిగా!