పొయ్యికి వేసవి సెలవులు

శ్రీరామనవమి పందిట్లో పంచేవి ప్రధానంగా మూడు: పానకం, వడపప్పు, చలిమిడి. బెల్లం నీళ్లలో కరిగించి మిరియాల పొడి, యాలకుల పొడి, కాస్త శొంఠి కలిపితే పానకం. నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరి కోరు, మామిడి తురుము వేస్తే వడపప్పు. తడి బియ్యప్పిండిలో బెల్లం వేసి దంచి ముద్ద చేస్తే పచ్చి చలిమిడి. ఏ ఒక్కదానికీ పొయ్యి వెలిగించే పని లేదు. ఎండలు ముదిరే వేళకు దేవుడికి నిప్పు తగలని నైవేద్యం పెట్టిన ఇళ్లలోనే, మర్నాటి నుంచి మనుషులకు మాత్రం యథాప్రకారం కుక్కర్ కూతలు, పోపు చిటపటలు, మిట్టమధ్యాహ్నం అప్పడాల మూకుడు.

వేసవి వంటల మీద ఏటా వచ్చే సలహాలన్నీ తినేవాళ్ల చలువ గురించే. వండేవాళ్ల ఒళ్లు ఎంత కాగుతోందన్న ఊసే ఉండదు. ‘పది నిమిషాల్లో సమ్మర్ స్పెషల్’ అని ఊరించే వీడియోలో పాలు మాత్రం ముప్పావుగంట మరుగుతూనే ఉంటాయి. ఏసీ ఉంటే హాల్లోనో పడగ్గదిలోనో ఉంటుంది. అపార్ట్‌మెంట్ వంటగదికి దక్కేది చిన్న కిటికీ, జిడ్డు పట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 44 డిగ్రీలు మండుతున్న రోజున ఆ గదిలో రెండు బర్నర్ల ముందు గంటన్నర నిలబడితే తెలుస్తుంది సంగతి. వేసవి వంటను ముందుగా తూచాల్సింది ఇక్కడే: మనిషిని ఎంతసేపు పొయ్యి దగ్గర కట్టిపడేస్తుంది?

ఈ లెక్కలో నెగ్గే వంటలను కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. తెలంగాణ పచ్చిపులుసే ఉంది. నానిన చింతపండు రసం పల్చగా తీసి, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి చేత్తో బాగా పిసకాలి. ఉల్లి ఘాటు పులుసులోకి దిగేది ఆ పిసకడంలోనే. చిటికెడు జీలకర్ర పొడి, చిన్న బెల్లం ముక్క పడితే పూర్తయినట్టే. పోపు పెట్టేవాళ్లు పెడతారు, నువ్వుల పొడి వేసేవాళ్లు వేస్తారు. రెండూ లేకపోయినా అన్నం అలిగి కూర్చోదు. కోస్తాలో దోసకాయ ముక్కల పచ్చడి, ఎక్కడైనా పెరుగు పచ్చడి ఇదే కోవలోవి. ‘నాకు వంట రాదు’ అనే మగవారి సాకు కూడా వీటి దగ్గర చెల్లదు.

చద్దన్నం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈమధ్య దానికి హోటళ్లలో మట్టి ముంతల హోదా వచ్చింది, దాంతో పాటు బోలెడు భక్తీ వచ్చింది. భక్తి సరే, పద్ధతి ముఖ్యం. పొద్దు చల్లబడ్డాక రాత్రి అన్నం వండుకుని, పళ్లెంలో పరిచి తొందరగా చల్లార్చి, మునిగేలా నీళ్లు పోసి, రెండు గరిటెల మజ్జిగ కలిపి మూత పెడితే తెల్లారేసరికి సన్నగా పులుపెక్కుతుంది. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా చలవే. అయితే వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే మరో బ్యాక్టీరియా బీజాలూ ఉండవచ్చు. అవి ఉడుకుకు చావవు. అన్నాన్ని గంటల తరబడి వేడి గదిలో వదిలేస్తే పెరిగి విషం పుట్టిస్తాయి. వాటిలో వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మజ్జిగ పులుపు వాటిని కొంత అదుపులో ఉంచుతుందే తప్ప, మధ్యాహ్నం రెండింటి దాకా కాపలా కాయదు. ‘మా అమ్మమ్మలు తినలేదా’ అంటారు. తిన్నారు, పొలానికి వెళ్లే ముందు పొద్దున్నే. ఎనిమిదింటికల్లా తినేయాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. వాసన తేడాగా ఉన్నా, జిగురు సాగినా పారేయాలి.

రాగి అంబలికి పొయ్యి కావాలి గానీ పది నిమిషాలే. పిండి రాత్రే నీళ్లలో కలిపి పులియనిస్తే, పొద్దున్నే మరిగే నీళ్లలో పోసి ఉడికించి, చల్లారాక మజ్జిగతో పలచన చేసుకోవచ్చు. ఉల్లిపాయ నంజుకుంటే ఇక పలహారం వేరే అక్కర్లేదు.

తాగేవాటి దగ్గర పేచీ వేరు. తీయగా, చల్లగా ఉన్న ప్రతిదీ దాహం తీర్చేదే అనుకోవడం మన అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండాల్సిన గ్లూకోజ్ 13.5 గ్రాములు. మామూలు కూల్‌డ్రింక్ లీటరులో చక్కెర 100 గ్రాముల పైమాటే. ఓఆర్ఎస్ అనే అక్షరాలు అంటించుకుని అమ్ముడుపోయిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. విరేచనాలైన బిడ్డకు అసలైన ఓఆర్ఎస్ పొడే కలిపి పట్టాలి, మజ్జిగ దానికి సాటి కాదు. ఎండనపడి వచ్చిన ఆరోగ్యవంతుడికి మాత్రం ఉప్పు, అల్లం, నలిపిన దబ్బాకు వేసిన పల్చటి మజ్జిగకు మించింది లేదు. సుగంధి పాల వేళ్లతో పాకం కాయడం పెద్ద పని. ఆ పాకంతో చేసే, రాయలసీమ ఇష్టపడే నన్నారి షర్బత్‌ను గిరిజన సహకార సంస్థే సీసాల్లో అమ్ముతోంది. కొనుక్కుని నిమ్మకాయ పిండుకోవడమే తెలివైన పని.

ఇక పిల్లలు అడిగేది ఐస్‌క్రీమ్. కొనేముందు డబ్బా మీది చిన్నక్షరాలు చదవాలి. మామూలు ఐస్‌క్రీమ్ అంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే పాలకొవ్వు బదులు మొక్కల నుంచి తీసిన నూనె వాడినట్టు. ఇంట్లో చేస్తే రాయిలా గడ్డకడుతోందన్నది చాలామంది ఫిర్యాదు. కార్ఖానా యంత్రం గడ్డకట్టే మిశ్రమాన్ని చిలుకుతూ గాలి ఎక్కిస్తుంది, ఇంటి ఫ్రీజర్‌కు ఆ విద్య రాదు, నీరంతా పెద్ద స్ఫటికాలుగా పేరుకుంటుంది. బాగా మిగలపండిన అరటిపండు ముక్కలను గడ్డకట్టించి మిక్సీలో తిప్పితే మాత్రం క్రీమూ చక్కెరా లేకుండానే మెత్తటి ఐస్‌క్రీమ్ దిగుతుంది. మామిడితో అయితే పుల్ల ఐసే సులువు. బంగినపల్లి గుజ్జులో నీళ్లు తక్కువ, బెల్లం నాలుకకు కాస్త ఎక్కువే అనిపించేలా కలపాలి. చల్లదనానికి తీపి మందగిస్తుంది, పైగా తీపి తగినంత ఉంటేనే గడ్డ కొరకబుద్ధయ్యేంత మెత్తగా ఉంటుంది. అచ్చులు లేకపోతే స్టీలు గ్లాసుల్లో పోసి, కాస్త గట్టిపడ్డాక చెంచా గుచ్చితే చాలు. గ్లాసులోంచి ఊడి రానని మొరాయిస్తే కుళాయి కింద ఒక్క క్షణం పట్టాలి. వేడినీళ్లు కాచనక్కర్లేదు, మే నెలలో డాబా మీది ట్యాంకు ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది.