గుర్రాలెన్నని కాదు, సామాను ఎక్కడని అడగండి

ఉగాది నుంచి మా ఇంట్లో ఒకటే గొడవ. హోసూరు పక్కన మాకు రెండున్నర ఎకరాలుంది. రాగి, టమాటా వేస్తాం. వాన పడిన రోజు బాడుగ ట్రాక్టరు రాదు. వచ్చేసరికి నేలలో పదును పోతుంది. అందుకే అమ్మ గొలుసు అమ్మి పాత ట్రాక్టరు కొందామని నాయన అనుకున్నాడు. ఇంక సలహాలకు కొదవ లేదు.

మహీంద్రా బి-275 కొనమంటాడు మా మామ. అది సుమారు 35 గుర్రాల బండి. చవగ్గా దొరుకుతుంది, హెచ్‌ఎంటీ 2511 తీసుకోమంటాడు పక్కింటి తాత. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. తొమ్మిదో తరగతి పిల్లకెందుకీ సంగతి అనొచ్చు. పోయేది మా అమ్మ గొలుసు, అందుకే అడుగుతున్నా.

మామా, అంత బండి మన చిన్న మడిలో మలుపు తిరగాలంటే గట్టు తొక్కాల్సిందే. తడి నేల మీద బరువు ఎక్కువైతే మట్టి గట్టిపడుతుంది. మిగిలిన బలంతో బాడుగకు తోలొచ్చు అంటావు. నిజమే, డబ్బులొస్తాయి. కానీ పదునున్న రోజు నాయన ఊరూరా తిరిగితే మన చేను ఎవరు దున్నాలి?

తాతా, హెచ్‌ఎంటీ మంచి బండే. 1971లో హర్యానాలోని పింజోరులో 25 హెచ్‌పీతోనే మొదలైంది, మనకు అంతే చాలు. కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. రేపు హైడ్రాలిక్ పంపు పోతే సామాను కోసం ఎన్ని ఊళ్ళు తిరగాలి? కొన్నప్పటి చవక అక్కడే కరిగిపోతుంది.

నా ఓటు స్వరాజ్ 724కి. మన దేశపు ఇంజనీర్లు తయారుచేసిన బండి, 1974లో వచ్చింది. అదీ 25 హెచ్‌పీ దరిదాపుల్లోనిదే. కంపెనీ ఇంకా నడుస్తోంది. మా ఊరి మెకానిక్‌కు దాన్ని విప్పడం, బిగించడం వచ్చు.

అయినా పేరు చూసి డబ్బు ఇవ్వకూడదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మన ముందే స్టార్ట్ చేయించాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలిపోతున్నట్టే. కల్టివేటరు పైకెత్తి కాసేపు ఉంచాలి. తనంతట తనే కిందికి జారితే లిఫ్టులో లోపముంది. ఆర్‌సీ కాగితాలు సరిచూసుకోవాలి.

ఊరి మెప్పు కోసం బండి కొంటే అప్పు మిగులుతుంది. మీ ఇళ్ళలోనూ ఈ మాట వచ్చినప్పుడు పిల్లలమని ఊరుకోకండి, అడగండి. ఆదివారం మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి చూస్తానన్నాడు నాయన. ప్రస్తుతానికి గొలుసు అమ్మ మెడలోనే ఉంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని