ఆ మాట అమ్మకు అర్థమైందా?

మీ ఊరి అంగన్‌వాడీ గోడమీద అంటించిన కాగితాలు చదివారా? ఆరు మాసాల అనంతరం అనుబంధ ఆహారం ప్రారంభించవలెనట! మీకే నోరు తిరగని ఈ మాట, పొలం నుంచి అలసి వచ్చిన తల్లికి ఏం చెబుతుంది? ఆరు నెలలు నిండాక చనుబాలతోపాటు మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు పెట్టమ్మా అంటే సరిపోదూ!

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది గిడసబారి ఉన్నారు. అంటే వయసుకు తగిన ఎత్తు లేరన్నమాట.

చిక్కేమిటంటే, అలాంటి బిడ్డ జబ్బుగా కనిపించదు. "నాన్న పోలిక, పొట్టి" అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, నార్వే, ఘనా, బ్రెజిల్, ఒమన్, అమెరికాలలో మంచి తిండి, శుభ్రత ఉన్న ఇళ్లలోని పసివాళ్లను కొలిపించింది. అందరూ దాదాపు ఒకేలా పెరిగారు! 2006లో వెలువడిన ఆ ప్రమాణాల ప్రకారం, రెండేళ్లు నిండిన పాపను పడుకోబెట్టి కొలిస్తే 80 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కడుపులో పడ్డప్పటినుంచి రెండేళ్లు నిండేదాకా జరిగిన నష్టాన్ని తర్వాత పూడ్చడం కష్టం. మాటిమాటికీ విరేచనాలైతే తిన్నదీ ఒంటబట్టదు.

కాగితం పేదరికాన్ని తీర్చదు, నిజమే. ఉన్న గుడ్డు ఎవరికి, ఎప్పుడు పెట్టాలో మాత్రం చెప్పగలదు. అదీ తల్లి మాటల్లో ఉంటేనే. మన్యంలో సవర, కువి, కోయ మాట్లాడే తల్లులకు అసలు తెలుగే పరాయిది కదా!

ఈసారి ఆ కాగితాన్ని మీ అమ్మకో, పక్కింటి పిన్నికో చదివి వినిపించండి. వారికి అర్థంకాని మాటలన్నీ రాసుకుని అంగన్‌వాడీ టీచరుకు చూపించండి.